మొదటి ముద్ద

బస్సు డిపో క్యాంటీనులో షట్టరు లేచే ముందు ఒక చిన్న తంతు జరుగుతుంది. వండిన మనిషి బయటికొచ్చి, కౌంటరు పక్కనున్న ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఆ పూట కూరలోంచి ఒక ముద్ద అందరూ చూస్తుండగా తినాలి. నమలాలి, మింగాలి. అప్పుడే వరస కదులుతుంది. ఎప్పుడో పాడైన కూర తిని సగం మంది డ్రైవర్లు మంచం పట్టాక, మిగతా సగం పట్టుబట్టి పెట్టించుకున్న పద్ధతి అది. ఆ సంగతి గుర్తున్నవాళ్ళు ఇప్పుడు తక్కువే. ముద్ద మాత్రం నిలిచింది.

వదిన ఆ స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. డిపోలో అందరికీ ఆమె వదినే. తనకంటే పెద్దవాళ్ళకీ, ఆఖరికి మేనేజరుకీ. ఆ సోమవారం కూడా ఆమె తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చింది, కూర్చుంది, ఒక మాంసం ముక్కా కాస్త గుజ్జూ చెంచాలోకి తీసుకుని నోటిదాకా తెచ్చింది. పెదాలు తెరుచుకోలేదు.

తెరవకూడదని ఆమె అనుకోలేదు. ఇంట్లో మానేసి కొంతకాలమైంది గానీ, ఇక్కడి ముద్ద ఉద్యోగంలో భాగమనీ, అది తినడం కిందికి రాదనీ తనకి తాను నచ్చజెప్పుకుంటూ వచ్చింది. మనసు ఒప్పుకుంది. మనసుకేం, కాస్త బుజ్జగిస్తే దేనికైనా ఒప్పుకుంటుంది. పెదాలే మాట వినలేదు. చెంచాలోంచి ఆవిరి ముక్కుకి తగులుతోంది. వాసన బాగుంది. అది కూడా ఆమె కాదనలేదు. అయినా నోరు ఎవరో లోపల గడియ పెట్టుకున్న తలుపులా ఉండిపోయింది.

వరసలో ముందున్న డ్రైవరుకి హారన్ అని పేరు. గుసగుసలాడినా గేటు దాకా వినపడుతుంది.

"ఏంటి వదినా, విషం గానీ కలిపావా?"

"కలిపితే నీ ఒక్కడికే కలుపుతాను. ఇంతమందికి ఎందుకు, దండగ."

అందరూ నవ్వారు. చెంచా మాత్రం అక్కడే ఉంది.

"మరి తినవేం?"

"మానేశాను."

"ఏం మానేశావు?"

"మాంసం. చేపలు. గుడ్లు." ఇక దాచి లాభం లేదనిపించింది. "పాలు, వెన్న కూడా."

"తేనె?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"అదీను."

"నీళ్ళయినా తాగుతున్నావా, అదీ చేపలకి వదిలేశావా?"

టికెట్ల సంచీ భుజాన వేసుకున్న కండక్టరమ్మాయి వరసలోంచి తల బయటికి పెట్టి, "దానికో పేరుంది. వీగన్ అంటారు" అంది.

"పేరు కూడా పెట్టారంటే ముదిరిన జబ్బే" అన్నాడు స్టోరు బాబాయి.

స్టోరు బాబాయి క్యాంటీనుకి సరుకు చూసి దించుకునే మనిషి. సన్నగా, నిలబెట్టిన గొడుగులా ఉంటాడు. ఎవరినీ వదిలిపెట్టడు, వేళాకోళం చెయ్యని రోజు అతనికి అన్నం అరగదని చెప్పుకుంటారు. అతనే చొరవగా ముందుకొచ్చి వదిన చేతిలోంచి చెంచా తీసుకున్నాడు.

"ఇలా తే. నేను తింటాను. పోతే నేనే పోతాను, బళ్ళు మాత్రం ఆలస్యం కానివ్వకండి."

కళ్ళు మూసుకుని నమిలాడు. మింగాడు. కళ్ళు తెరిచి ముందు వదిన మొహం వైపు చూశాడు.

"ఉప్పు ఒక పిసరు తగ్గింది. అయినా బతుకుతారులే, రండి."

షట్టరు లేచింది. ఆ మాట మాత్రం వదిన మనసులో ముల్లులా దిగింది. ఉప్పు తను ఎప్పుడూ వేసినంతే వేసింది. వేసిందా? గరిటె తిప్పుతూ రోజూ రుచి చూసే నాలుక ఇవాళ సాక్ష్యం చెప్పలేదు. చేతిని నమ్మాలా, బాబాయి నోటిని నమ్మాలా?

*

ఆ రోజు నుంచి బాబాయే ఆమె నాలుక అయ్యాడు. షట్టరు లేవక ముందే వంటింట్లోకి వచ్చి, కూర ఉడుకుతున్న గుండిగ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. వదిన గరిటె చివర అంత గుజ్జు పెట్టి చేతికిచ్చేది. అతను నాకి, ఆమె మొహంలోకి చూసి, "ఇంకాస్త ఉప్పు" అనేవాడు. ఆమె వేసేది. మళ్ళీ నాకి, మళ్ళీ చూసి, "కారం కూడా చూసుకో" అనేవాడు.

"ఆయన మాట వింటే కూరలో చెంచా నిలబడుతుంది" అని గొణిగింది ఉల్లిపాయలు తరిగే పిన్ని. రోజంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే నవ్వగల మనిషి పిన్ని ఒక్కతే.

"నేను తినడం లేదుగా పిన్నీ. తిన్నవాళ్ళ మాట వినాలిగా."

"నేను చూడనా?"

"నీకు కారం పడదుగా."

ఇక వరసలో నిలబడ్డవాళ్ళందరికీ వదిన సంగతే కాలక్షేపం. ప్లేటు అందుకుంటూ ఒక్కొక్కరూ ఒక్కో కారణం ఊహించేవారు. కడుపులో పుండా? డాక్టరు చెప్పాడా? ఏదైనా మొక్కుకున్నావా? ఎవరైనా బాబా మాటలు విన్నావా? వదిన రోజుకో జవాబు చెప్పి చూసింది. జబ్బని చెబితే జాలిపడి పక్కకి తప్పుకునేవారే. దేవుడి పేరు చెబితే దణ్ణం పెట్టి ఊరుకునేవారే. తినాలని లేదు, అంతే, అని నిజం చెప్పినప్పుడు మాత్రం ఎదుటివాడి మొహం చిన్నబోయేది. వాడి ప్లేటులో ముక్కని తనేదో అన్నట్టు. తను ఒక్క మాటా అనకుండానే వాళ్ళకి ఏదో వినపడుతోంది. ఆ వినపడేదానికి జవాబు చెప్పుకోలేక వాళ్ళు గట్టిగా నవ్వుతున్నారు. ఇది ఆమెకి వింతగా తోచింది. ఇంతకాలం వాళ్ళ ఆకలి తెలుసనుకుంది గానీ, ఆకలి పక్కనే కూర్చుని ఉండే ఈ ఉలికిపాటుని ఎప్పుడూ చూడలేదు.

"దుంపలకి ప్రాణం లేదా వదినా?" అని హారన్ రోజూ అడిగేవాడు.

"ఉంటే ఉంది. నీకంటే నెమ్మదైన ప్రాణం."

తన కోసం ఆమె స్టవ్వు మూలన ఒక చిన్న గిన్నెలో చిక్కుడు గింజలో, దుంపలో ఉడకేసుకునేది. బాబాయి ఆ గిన్నె మూత ఎత్తి చూసి, "గడ్డి మేత రెడీ" అని ప్రకటించేవాడు.

ఆ పై వారం బుధవారానికి మంచినీళ్ళ డ్రమ్ము మధ్యాహ్నం కాకముందే ఖాళీ అయింది. గురువారం పొద్దున టిఫిను వేళ హారన్ క్యాంటీనులోకి రావడమే చేతులు నడుముకి పెట్టుకుని వచ్చాడు.

"నిన్న ఈ కూర తిని బండెక్కాను. దాహం తట్టుకోలేక సీసాలకి సీసాలు తాగాను. ఆ తర్వాత ఆ నీళ్ళ కోసం దారి పొడుగునా బండి ఆపుకుంటూ పోయాను. ఒక ముసలమ్మ నా భుజం తట్టి, నాయనా, షుగరేమో చూపించుకో అంది."

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు తగ్గుతుండగా ఎవరో అన్నారు: "కావాలనే చేస్తోందేమో. మాంసం మీద మనకి విరక్తి పుట్టించి అందర్నీ తన దారిలోకి లాగడానికి."

నవ్వు ఆగిపోయింది. అన్నది ఎవరో తెలియలేదు గానీ, ఆ మాట వరస పొడుగునా చెయ్యి మారుతూ పోవడం వదిన చూసింది. కొందరు ప్లేటులోకి అనుమానంగా చూసుకున్నారు.  వేళాకోళం ఎంతైనా భరించొచ్చు, అందులో చనువుంటుంది. ఇది వేరు. ఇన్నేళ్ళు తన చేత్తో తిన్నవాళ్ళు ఆ చేతిని శత్రువు చెయ్యిలా చూస్తున్నారు.

మేనేజరు కబురు పెట్టాడు. మెత్తని మనిషి, కఠినమైన మాట చెప్పాల్సి వస్తే బల్లమీది పెన్నులు సర్దుతాడు.

"చూడు వదినా, నువ్వేం తిన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ తినని మనిషి వండితే వాళ్ళకి నమ్మకం కుదరట్లేదు. రేపు అందరి ముందూ మొదటి ముద్ద తినెయ్యి. గొడవ పోతుంది."

"తినకపోతే?"

పెన్నులన్నీ ఒకవైపుకి తిరిగాయి. "గిన్నెలు కడిగే దగ్గర ఖాళీ ఉంది. జీతం తగ్గనివ్వను."

ఆమె వంటింట్లోకి తిరిగొచ్చింది. గుండిగ అంచున ఆనించి ఉన్న గరిటె ఇనుప కాడ, తను పట్టుకునే చోట మాత్రం నునుపెక్కి మెరుస్తోంది. ఆ మెరుపు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదన్నట్టు దాన్ని గట్టిగా పట్టుకుంది. జీతం కాదు. పొద్దున్నే ఖాళీ గుండిగ, మధ్యాహ్నానికి డిపో అంతా పరుచుకునే వాసన, ఆ రెంటి మధ్యా తను. అదే పోతుంది.

ఆ పరధ్యానంలో బాణలిలో ఉల్లిపాయలు మాడిపోయాయి. వాసన బయటికి కొట్టేసింది. గుంతలో దిగి బస్సు కింద పనిచేస్తున్న మెకానిక్కు కూడా "ఏదో తగలబడుతోంది" అని అరిచాడు. పిన్ని పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వదిన ఉలిక్కిపడి బాణలి దించబోయి ఆగింది.

బాణలికి జానెడు దూరంలో, ముక్కాలిపీట మీద కూర్చుని, స్టోరు బాబాయి ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నాడు. నల్లటి పొగ అతని మొహం పక్కనుంచే పోతోంది. పొగ కళ్ళకి తగిలాక గానీ అతను తల ఎత్తలేదు.

వదిన బాణలి పక్కన పెట్టింది. ఇంకా ఉప్పే వెయ్యని కూర గరిటె చివర తీసి అతని ముందు పట్టింది. అతను నాకాడు. ఆ తర్వాత, ఎప్పటిలాగే, ఆమె మొహంలోకి చూశాడు. మొదటిసారి ఆమె ఆ చూపుని చూసింది. అతని నాలుక కాదు రుచి చూసేది, కళ్ళు. తన మొహంలో అనుమానం కనపడితే ఇంకాస్త ఉప్పు. ధీమా కనపడితే సరిపోయింది. ఆమె కావాలని ధీమాగా నవ్వింది.

"ఇవాళ కుదిరింది" అన్నాడు బాబాయి.

ఆమె స్టోరు గది వైపు నడిచింది. అతను వెనకాలే వచ్చాడు. రమ్మనకుండానే వచ్చాడంటే అతనికీ అర్థమైనట్టే. బస్తాల మధ్య ఇద్దరూ నిలబడ్డారు.

"ఎప్పటి నుంచి బాబాయ్?"

బాబాయి ఏదో జోకు కోసం వెతుక్కుని, దొరక్క, నూనె డబ్బా మీద కూర్చున్నాడు.

"మొన్నా మధ్య జ్వరం వచ్చింది చూడు, అప్పటి నుంచి. వాసన లేదు, రుచి లేదు. ఏది నమిలినా తడిగుడ్డే. సరుకు దిగినప్పుడు నూనె మంచిదో కాదో వాసన చూసి చెప్పాల్సినవాణ్ణి. పిన్నిని పిలిచి, నాకు జలుబు చేసింది, నువ్వు చూడవే అంటూ నెట్టుకొస్తున్నాను. ఎన్నాళ్ళు జలుబు చేస్తుంది మనిషికి?"

"మరి నా చెంచా ఎందుకు లాక్కున్నావు? ఎవరడిగారు నిన్ను?"

"నీ కూర అయినా తెలుస్తుందేమోనని." అతను చేతులవైపు చూసుకున్నాడు. "బయట అన్నీ తిని చూశాను. గుండిగ దగ్గర వేడివేడిగా, మొదటి ముద్ద నాకే దొరికితే ఏ మూలో ఒక్క పిసరు తగలకపోతుందా అని. ఉప్పు ఎక్కువేస్తే తగులుతుందని వేయించాను. తగల్లేదు. రేపు నిన్ను గరిటె కింద పెట్టెయ్యమంటారని తెలిసి కూడా నోరు విప్పలేకపోయాను. ఇంకో పని చేతకాదు నాకు."

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే, ఆపుకోలేని నవ్వు వచ్చింది. నాలుక ఉండి తినని మనిషి, తింటూ నాలుక లేని మనిషిని నమ్ముకుని డిపో మొత్తానికి వండిపెట్టింది. ఆమె బస్తాకి ఆనుకుని నవ్వుతుంటే బాబాయి బిక్కమొహం వేసుకుని చూశాడు. చూసి చూసి, అతనూ కిసుక్కుమన్నాడు.

"చెబుతావా వాళ్ళకి?" అన్నాడు నవ్వు ఆగాక.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, ఆ పూట కూరలో ఉప్పు పిన్నితో చూపించి వేసింది. పిన్ని కారానికి కళ్ళు తుడుచుకుంటూ తల ఊపింది. హారన్ మాత్రం ఆ పూట తినకుండానే బండెక్కాడు.

*

సాయంత్రం ఇంట్లో మొగుడు కుట్టుమిషను ముందు కూర్చుని అంతా విన్నాడు. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఒక్క ముద్దేగా. కళ్ళు మూసుకుని మింగెయ్యి" అన్నాడు.

"కళ్ళు మూసుకుంటే నోరు తెరుచుకుంటుందా?"

అతను ఆలోచించాడు. అతనిలో ఆమెకి నచ్చేది అదే. జవాబు లేకపోతే ఒప్పుకుని మళ్ళీ మిషను తొక్కుతాడు.

అత్త వంటింట్లోంచి వింటోంది. కోడలు పాలు మానేసిన దగ్గర నుంచి ఆవిడకి కంటి మీద కునుకు లేదు. పాలిచ్చే ఆవుకి లేని బాధ నీకెందుకే అని మొదట్లో దెబ్బలాడింది. తర్వాత కోడలి టీలో దొంగచాటుగా ఒక చుక్క పాలు పోసేది. వాసన పట్టేసి వదిన కప్పు అలాగే వదిలేసేది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు. ఇవాళ ఆవిడ రెండు కప్పులు తెచ్చింది. రెండూ నల్లగా ఉన్నాయి. ఒకటి కోడలి ముందు పెట్టి, రెండోది తను తాగి, మొహం చిట్లించింది.

"గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. ఎలా తాగుతున్నావే?"

"అలవాటవుతుంది అత్తయ్యా."

"నాకేం అలవాటు కానక్కర్లేదు. ఇవాళ ఒక్కరోజే" అని కప్పు ఖాళీ చేసింది. లేచి వెళ్తూ వెళ్తూ, "ఆ మేనేజరుని ఒక పూట గరిటె పట్టమను, తెలుస్తుంది" అంది.

*

శుక్రవారం వదిన ఎవరినీ రుచి చూడమనలేదు. పిన్నిని కూడా. బాబాయి గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే చూసీ చూడనట్టు ఊరుకుంది. ఉప్పు డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని, చేతిని దాని మానాన వదిలేసింది. ఆ చెయ్యి డబ్బాలోకి దిగింది, పట్టింది, గుండిగ మీద ఒక చుట్టు తిరిగింది, ఆగింది. ఇన్నేళ్ళూ నాలుక చేసిందల్లా చేతి పనికి సరేననడమే అయుండాలి. కాకపోతే ఇవాళ తెలిసిపోతుంది.

షట్టరు ముందు ఎప్పుడూ లేనంత మంది చేరారు. మేనేజరు కూడా వచ్చి స్టూలు పక్కన నిలబడ్డాడు. వదిన ప్లేటుతో వచ్చి కూర్చుంది. చెంచా ఎత్తింది. అందరి కళ్ళూ ఆమె నోటి మీదే. ఆమె నిజంగానే ప్రయత్నించి చూసింది. పెదాలు తెరుచుకుంటాయేమో, తెరుచుకుంటే ఏం చేస్తుందో తనకే తెలియకుండా. తెరుచుకోలేదు. అప్పుడు ఆమెకి పెద్ద బరువు దిగినట్టనిపించింది. ఇక ఎవరితోనూ వాదించనక్కర్లేదు, తనతో కూడా.

చెంచా ప్లేటులో పెట్టేసింది. లోపలికి వెళ్ళి, గుండిగలోంచి గరిటె తీసి తెచ్చి మేనేజరు చేతికిచ్చింది.

"తినను సార్. గరిటె ఇదిగో."

మేనేజరు గరిటె పట్టుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. గుజ్జు చుక్క చుక్కగా అతని బూట్ల మీద పడుతోంది. ఇటు పట్టుకుంటే అటు కారింది, అటు పట్టుకుంటే ఇటు. ఎవరూ నవ్వలేదు; వాళ్ళకి ఆకలిగా ఉంది, కూర వాసన వస్తోంది, బయట బస్సుల్లోకి జనం ఎక్కుతున్నారు. ఇక ఓపిక లేక హారనే ప్లేటులోని చెంచా అందుకుని నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు. నమలడం ఆపాడు. మళ్ళీ నమిలాడు.

"ఇది మన కూరే" అన్నాడు, మొదటిసారి మామూలు గొంతుతో. ప్లేటులో మిగిలింది కూడా లాగించి, "మరి ఇన్నాళ్ళూ ఏమైంది వదినా?" అన్నాడు.

బాబాయి గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. వదిన అటు చూడలేదు.

"చెయ్యి తప్పింది" అంది.

"చెయ్యి కాదు." వెనక నుంచి వచ్చింది గొంతు. బాబాయి ముందుకొచ్చాడు, స్టూలు ఎక్కి కూర్చున్నాడు, ముద్ద తినేవాడిలాగే. "నా నోరు. ఉప్పు వెయ్యమంది నేను. నాకు వాసనా లేదు, రుచీ లేదు. జ్వరం వచ్చిన దగ్గర నుంచి. ఎంత వేసినా తెలిసేది కాదు, అందుకని ఇంకా వెయ్యమన్నాను."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హారన్ మొహంలో లెక్క తేలుతున్నట్టుంది.

"అంటే బాబాయ్, నేను దారి పొడుగునా పరుగులు పెట్టింది నీ వల్లా?"

"అవును. ఆ ముసలమ్మ చెప్పింది కూడా విను, ఎందుకైనా మంచిది, చూపించుకో."

నవ్వు ఎక్కడో ఒక మూల మొదలై షట్టరు దాకా వచ్చేసింది. మేనేజరు ఒక్కడే నవ్వలేదు. కారుతున్న గరిటెతోనే, "వాసన తెలియకుండా స్టోరు ఎలా చూస్తున్నావయ్యా?" అన్నాడు. బాబాయి తల దించుకున్నాడు.

"సరుకు దిగినప్పుడు నేను వాసన చూస్తాను సార్" అంది వదిన. "నూనె, వెన్న, మాంసం, అన్నీ. మానేసింది తినడమే. ముక్కుకి అలాంటి నియమమేం పెట్టుకోలేదు."

"మరి మొదటి ముద్ద?"

"తినేవాళ్ళే తినాలి. రోజుకొకరు లోపలికొచ్చి, ఉడుకుతుండగానే చూసి చెప్పండి. చెప్పాక అదే స్టూలు మీద కూర్చుని తినండి. బాగోకపోతే నన్ను కాదు, ఆ స్టూలు మీద ఉన్నవాణ్ణి అడుగుదురు గాని."

మేనేజరు గరిటె ఆమెకి తిరిగిచ్చేసి, జేబురుమాలుతో బూట్లు తుడుచుకుంటూ వరసలో నిలబడ్డాడు.

*

ఇప్పుడు ముద్ద కోసం డ్రైవర్లు పోట్లాడుకుంటున్నారు. హారన్ అయితే తన వంతు రోజున తల దువ్వుకుని వస్తాడు. దుంపలకి ప్రాణం లేదా అని ఇప్పటికీ అడుగుతాడు. వదిన జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడతాడు.

బాబాయి ముక్కాలిపీట మాత్రం స్టవ్వు పక్కనే ఉంది. సరుకు దిగినప్పుడు వదిన వాసన చూస్తుంది, అతను లెక్క చూస్తాడు. పెద్ద గుండిగ జోలికి పోడు. ఊరికే కూర్చుని పేపరు చదువుతాడు. ఒక మధ్యాహ్నం వదిన ఏదో మాటల్లో పడి తన చిన్న గిన్నె సంగతి మర్చిపోయింది. ఆ తర్వాత చిక్కుడు గింజలు ప్లేటులో పెట్టుకుంటుంటే, "ఆ గడ్డి ఒక చెంచా ఇలా పెట్టు, ఏది తిన్నా ఒకటేగా" అన్నాడు బాబాయి.

పెట్టింది. అతను పేపరు చూస్తూనే నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. పేపరు మెల్లగా ఒళ్ళోకి జారింది. ఈసారి అతను ఆమె మొహంలోకి చూడలేదు. ఎటూ చూడలేదు. దవడ కదలడం ఆగింది, మళ్ళీ కదిలింది, ఏదో దూరం నుంచి పిలుస్తున్నట్టు తల కాస్త పక్కకి వాల్చాడు.

"వదినా."

"ఊఁ."

"మాడ్చావు."

ఆమె తన ప్లేటులోంచి ఒక గింజ తీసి నాలుక మీద పెట్టుకుంది. అవును, అడుగంటింది. చేదుగా ఉంది.

బాబాయి చెంచా ముందుకి చాపాడు.

"ఇంకొంచెం పెట్టు" అన్నాడు.